“ఆదివారం కూడానా సార్?” – బడి ముందర స్పీడు లిమిటు మీద ఫోన్-ఇన్

(కడపలో జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం రికార్డు విని రాసింది. మాట్లాడినవాళ్ల పేర్లు తీసేశాం.)

యాంకర్: శ్రోతలకు నమస్కారం. బడులు తెరిచిన వారం ఇది. ఈరోజు మనతో రవాణా శాఖలో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన సార్ ఉన్నారు. బడి దగ్గర స్పీడు లిమిటు ఎప్పుడు వర్తిస్తుందో అడగొచ్చు. నమస్కారం సార్.

సార్: నమస్కారమమ్మా. ఫోన్లు వచ్చేలోపు ఒక్కమాట చెప్పేస్తా. రోడ్డు పక్కన ఎర్ర అంచు ముక్కోణంలో పిల్లల బొమ్మ ఉంటే అది హెచ్చరిక, ముందర బడి ఉంది, జాగ్రత్త అని. ఎర్ర అంచు గుండ్రంలో అంకె ఉంటే అది హుకుం, అంతకు మించి పోకూడదు. ఈ రెండూ ఒకటే అనుకోబట్టే సగం గొడవలు వస్తాయి.

యాంకర్: మొదటి కాల్. హలో, చెప్పండి.

శ్రోత (ప్రొద్దుటూరు): హలో... హలో, వినపడతాందా?

యాంకర్: వినపడుతోంది. మీ పక్కన రేడియో తగ్గించండి.

శ్రోత: ఆ, తగ్గించినా. సార్, నేను బాడుగ కారు తోల్తా, ఇరవై ఏండ్ల నుంచి. పోయిన నెల తిరుపతికి బాడుగ పోయి వస్తాండా. ఆదివారం సార్, తెల్లారి ఐదున్నర. దోవలో ఒక ఊర్లో బడి ముందర ఫైను పడింది. 30 బోర్డంట, నేను 54లో వచ్చినానంట. ఆదివారం తెల్లారుజామున బడి యాడుంటాది సార్? గేటుకు తాళం ఏసింది. ఒక్క పిల్లోడు లేడు, ఒక కుక్క పండుకోనుంది, అంతే. బాడుగకు పిలిచిన పార్టీ వాళ్లు వెనక నిద్దరపోతాండారు, పొద్దెక్కేలోపు ఇల్లు చేరాలని వాళ్లే...

సార్: ఆగు నాయనా. బోర్డు ముక్కోణమా, గుండ్రమా?

శ్రోత: గుండ్రమే సార్.

సార్: దాని కింద టైము రాసిన పలక ఏమన్నా ఉందా?

శ్రోత: లేదు సార్. వట్టి 30 అంతే.

సార్: అయితే ఆ లిమిటు రాత్రీ పగలూ ఉన్నట్టే. మోటారు వాహనాల చట్టం 1988లో 112వ సెక్షన్ అని ఉంది. రోడ్డు తీరును బట్టి, జనం క్షేమం కోసం ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారం ఇచ్చినవాళ్లు గానీ ఒకచోట వేగం తగ్గించొచ్చు. గెజిట్‌లో వేసి, అక్కడ బోర్డు నాటాలి. నెలకు మించని తాత్కాలిక లిమిటుకైతే గెజిట్ కూడా అక్కర్లేదు. ఫలానా గంటల్లోనే అని పెట్టదలిస్తే ఆ గంటలు బోర్డు కిందనే రాస్తారు. రాయలేదంటే ఎప్పుడూ అని అర్థం.

శ్రోత: అంటే ఆదివారం కూడానా సార్?

సార్: ఆదివారం కూడా.

శ్రోత: మరి దసరా సెలవుల్లో? పది రోజులు బడే తెరవరు గదా?

సార్: బోర్డుకు దసరా లేదు, సంక్రాంతి లేదు. సెలవుల్లో ఆ బడి మైదానంలో పిల్లోల్లు క్రికెట్ ఆడరా? బంతి రోడ్డు మీదికి రాదా? బంతి వెనక పిల్లోడు వస్తాడు.

శ్రోత: అది నిజమే సార్. ఇంగొకటి. పోలీసాయన ఉత్త కంటితో చూసి చెప్పినా ఫైను చెల్లుతాదా? మిషన్ ఉందో లేదో నేను చూడలా.

సార్: మంచి ప్రశ్న. 183వ సెక్షన్‌లోనే ఉంది. ‘నాకు స్పీడుగా పోతున్నట్టు అనిపించింది’ అని ఒక్క మనిషి చెప్తే దానిమీదనే శిక్ష వేయకూడదు. యంత్రంతో కొలిచిన లెక్క ఉండాలి. నీ చలానా మీద 54 అని అంకె ఉందంటున్నావు, మిషన్ లెక్కే అయ్యుంటుంది. అనుమానముంటే ఆ చలానాను సవాలు చేయొచ్చు. కారు లాంటి తేలికపాటి బండికి చట్టంలో 1000 నుంచి 2000 రూపాయలు. బస్సు, లారీ లాంటివాటికి 2000 నుంచి 4000. రెండోసారి పట్టుబడితే లైసెన్సు కూడా స్వాధీనం చేసుకుంటారు. నువ్వు బతికేదే లైసెన్సు మీద. అది చూసుకో.

శ్రోత: సరే సార్. కానీ ఎవరూ లేనప్పుడు...

సార్: (కాస్త గొంతు పెంచి) ఎవరూ లేరని నీకెట్లా తెలుసు? నీకు కనపడలేదు, అంతే. అబ్బయ్యా, నా ఉద్యోగంలో యాక్సిడెంటు అయిన ప్రతి బండినీ చూసి రిపోర్టు రాసేది నేనే. ఒకసారి ఒక పల్లెలో బడి ముందర తుఫాన్ జీపు యాక్సిడెంటు. కింద పండుకోని చూసినా. బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంది. పెడల్ గట్టిగా ఉంది. నాలుగు టైర్లూ బాగున్నాయి. ‘యాంత్రిక లోపం ఏమీ లేదు’ అని రాసి లేచినాక రోడ్డు వైపు చూస్తే, టైరు ఒరుసుకున్న నల్లటి గీతలు బడి గేటు దాటినాక మొదలైనాయి. గేటు కాడ గీత లేదు. అంటే పిల్లోడు తగిలినాకనే కాలు బ్రేకు మీదికి పోయింది. ఆ డ్రైవరు కూడా ఎవరూ లేరనే అనుకున్నాడు.

శ్రోత: ...

సార్: లెక్క చెప్తా, విను. 60లో పోతే సెకనుకు 16 మీటర్ల పైన పోతావు. కన్ను చూసి కాలు కదిలేసరికే ఒక సెకను అయిపోతుంది. ఆ తర్వాత మంచి తారు రోడ్డు మీద, మంచి టైర్లతో ఇంకో 20 మీటర్లు. మొత్తం 35 దాటుతుంది. 30లో పోతే 13, 14 మీటర్లలో నిలబడతావు. బ్రేకు తొక్కినచోట బండి నిలబడదు. ఈ మాట డ్రైవర్లకు వెయ్యిసార్లు చెప్పింటా.

శ్రోత: సరే సార్. కట్టేస్తా. ఆ 30 యాడిదాకా ఉంటాది సార్?

సార్: తెల్లటి గుండ్రం మీద ఏటవాలు నల్ల గీతల బోర్డు వచ్చేదాకా, లేదంటే వేరే అంకె బోర్డు వచ్చేదాకా. బడి గోడ అయిపోతానే తొక్కేది కాదు.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాల్.

శ్రోత (ఖాజీపేట): నమస్తే సార్. మా పాప బడి హైవే పక్కనే. అంకె బోర్డే లేదు. ఉన్న ముక్కోణం కూడా చెట్టుకొమ్మల్లో మునిగిపోయింది. సాయంత్రం నాలుగుకు బడి ఇడిచినారంటే నా ప్రాణం నా దగ్గర ఉండదు. లారీలు ఆగవు సార్. అంకె బోర్డు లేదు గాబట్టి వాళ్ల తప్పేమీ లేదనేనా?

సార్: లేదమ్మా, ఉంది. 184వ సెక్షన్ చదివితే తెలుస్తుంది. ఆ చోటు ఎట్లాంటిది, అక్కడ ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఉండే వీలుంది, ఇవన్నీ చూసి ప్రమాదకరమైన డ్రైవింగ్ అవునా కాదా తేలుస్తారు. నాలుగు గంటలకు బడి గేటు కాడ పిల్లలు ఉంటారని ఎవరికైనా తెలుసు. అంకె లేకపోయినా ఆ డ్రైవరు తప్పించుకోలేడు. మీరు చేయాల్సింది ఇది. హైవే గదా, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి, కొమ్మలు కొట్టించమని చెప్పండి. లిమిటు బోర్డు కోసమైతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. జిల్లా రోడ్డు భద్రత కమిటీకి కలెక్టరే ఛైర్మన్. ఒక్కరే పోవద్దు, హెడ్‌మాస్టరు సంతకం, నలుగురు తల్లుల సంతకాలు తీసుకోని పోండి. రసీదు తీసుకోండి.

శ్రోత: ఊర్లోవాళ్లు మట్టీ కంకరా పోసి మేమే హంపు ఏస్తామంటున్నారు సార్.

సార్: వద్దమ్మా, వద్దు! రంగు లేని హంపు రాత్రిపూట మోటార్ సైకిల్ వాడిని చంపుతుంది. పిల్లలను కాపాడబోయి ఇంకొకరి ఇంటి మనిషిని పోగొట్టొద్దు. అర్జీ పెట్టండి. వారంలో కదలకపోతే మళ్లీ సోమవారం పోండి.

యాంకర్: ఇంకో కాల్. హలో... హలో? లైను కట్టయింది. తర్వాతి వారు.

శ్రోత (కడప, ఎర్రముక్కపల్లె): సార్, మావాడు తొమ్మిదో తరగతి. బడి అరకిలోమీటరే. స్కూటీ మెల్లగానే తోల్తాడు, 30 దాటడు...

సార్: వాడు 10లో తోలినా తప్పే. లైసెన్సే లేనివాడికి లిమిటు గురించి ఏం మాట్లాడతాం? 199ఏ సెక్షన్ చూడండి. మైనరు తోలి నేరం జరిగితే తండ్రికి గానీ బండి ఓనరుకు గానీ మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అరకిలోమీటరు నడిపించండి.

శ్రోత: అంటే సార్, ఎండలు...

సార్: గొడుగు కొనియ్యండి.

యాంకర్: థాంక్యూ. రాజంపేట నుంచి ఇంకొకరు.

శ్రోత (రాజంపేట): నమస్కారమయ్యా. రిటైర్డు టీచరును. మా అబ్బాయి సిడ్నీలో ఉన్నాడు. అక్కడ బడి దగ్గర 40 అంట, మళ్లీ కొన్ని గంటలే అంట. మన దగ్గర కూడా అట్లా గంటలు పెడితే ఆ ప్రొద్దుటూరు అబ్బాయి లాంటివాళ్లకు బాధ ఉండదు గదా?

సార్: నమస్కారం మాస్టారూ. నిజమే. సిడ్నీ ఉండే న్యూ సౌత్ వేల్స్‌లో బడి రోజుల్లో పొద్దున 8 నుంచి 9:30, మధ్యాహ్నం 2:30 నుంచి 4 దాకా 40. ఆ టైములు బోర్డు మీదే రాసుంటాయి. అమెరికాలో కాలిఫోర్నియాలో ‘పిల్లలు ఉన్నప్పుడు’ గంటకు 25 మైళ్లు, మన లెక్కలో 40 కిలోమీటర్లు. మన చట్టంలోనూ బోర్డు కింద టైము పెట్టడానికి అడ్డేమీ లేదు. కానీ మాస్టారూ, నా మనసులో మాట చెప్తా. మన పల్లెల్లో బడే అంతా. ఓట్ల నాడు జనం అక్కడికే, సాయంత్రం అరుగు మీద పెద్దోళ్లు అక్కడే, ఎండాకాలం పిల్లోల్లు అక్కడే. గంటలు రాయకుండా వదిలేయడమే నాకు బాగుంటుంది.

శ్రోత: మా బడిలో లాంగ్ బెల్ కొట్టేముందు పీఈటీ సారును రోడ్డు మీదికి పంపేవాణ్ని. రెండు నిమిషాల ముందే.

సార్: చాలా మంచి పని చేసినారు. ఇప్పుడున్న హెడ్‌మాస్టర్లు కూడా చేయాలి. ఇంకొకటి, పిల్లలను ఒకేసారి వదలకుండా చిన్న క్లాసులను ముందు...

యాంకర్: సార్, క్షమించాలి, మనకు టైము అయిపోయింది. లైన్‌లో ఇంకా ముగ్గురున్నారు, దొరకనివాళ్లు వచ్చే బుధవారం ఇదే సమయానికి చేయండి.

సార్: వాళ్ల నంబర్లు రాసి పెట్టండమ్మా. నేను బయటికి పోయి మాట్లాడతా.

యాంకర్: అట్లాగే సార్. ఇప్పుడు వార్తలు.