కొలతలకు ఒక క్లాసు: మీటర్లు, సెకన్లు, చిక్కు తెచ్చే ఉష్ణోగ్రత

నమస్కారం. తెర మీద ఉన్న ఫంక్షన్ చూడండి. దూరం, కాలం తీసుకుని వేగం ఇస్తుంది. దూరం 100 అని ఇచ్చాం. మీటర్లా, అడుగులా? మనం రాస్తున్న ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌కు తెలియదు, అడగదు కూడా. 1999లో నాసా అంతరిక్ష నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఇలాంటి తేడాతోనే పోయింది. ఒక ప్రోగ్రామ్ ప్రచోదనాన్ని (బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేది) పౌండు-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, అందుకున్న ప్రోగ్రామ్ వాటిని న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. దాదాపు నాలుగున్నర రెట్ల తేడా!

సరే, క్లాసు రాద్దాం, అంటే విలువనూ దాని నియమాలనూ ఒకచోట పెట్టే అచ్చు. మీటరుకొకటి, అడుగుకొకటి అని మాత్రం మొదలుపెట్టకండి, వేగం, త్వరణం, బలం వచ్చేసరికి క్లాసులకు అంతుండదు. ఒక్కటే క్లాసు, పేరు రాశి. ఇదిగో, ఫ్రోజెన్ డేటాక్లాస్, అంటే ఒకసారి తయారయ్యాక లోపలి విలువలు మార్చలేని క్లాసు. లోపల విలువ, మితులు. మితులంటే పొడవు, ద్రవ్యరాశి, కాలం, ఉష్ణోగ్రతల ఘాతాంకాల టపుల్, అంటే వరుస. వేగానికి 1, 0, మైనస్ 1, 0. విలువ ఎప్పుడూ ఎస్ఐ ప్రమాణంలోనే, అంటే మీటరు, సెకను, కెల్విన్ లాంటి అంతర్జాతీయ ప్రమాణాల్లోనే. అడుగులు వస్తే గుమ్మంలోనే 0.3048తో గుణించేస్తాం.

కూడికకు మితులు సమానంగా ఉండాలి, లేదంటే టైప్‌ఎర్రర్, అంటే రకాలు కుదరలేదని పైథాన్ ఇచ్చే ఎర్రర్. గుణకారానికి ఘాతాంకాలు కలుపుతాం, భాగహారానికి తీసేస్తాం. ఇదిగో, ఇలా.

రన్ చేద్దాం. మీటర్లకు సెకన్లు కలిపితే... ఎర్రర్. బాగుంది.

ఇప్పుడు ఉష్ణోగ్రత. ఇక్కడ కాస్త ఆగుదాం. 20 డిగ్రీల సెల్సియస్ అంటే లోపల 293.15 కెల్విన్. అది 5 డిగ్రీలు పెరిగింది. ఆ 5ను కూడా అలాగే మారిస్తే 278.15. రెండూ కలిపి మళ్లీ సెల్సియస్‌లో చూపిస్తే... చూడండి, 298.15! రావలసింది 25. ఎర్రర్ లేదు, ఎందుకంటే మితులు సరిపోయాయి. అసలు ఆ 5 థర్మామీటరు చూపిన రీడింగ్ కాదు, తేడా. రీడింగుకు 273.15 కలపాలి, తేడాకు కలపకూడదు. మళ్లీ చెబుతాను, తేడాకు కలపకూడదు.

అందుకే రీడింగుకు వేరే క్లాసు. రీడింగులోంచి రీడింగు తీసేస్తే రాశి వస్తుంది, రీడింగుకు రాశి కలిపితే రీడింగు వస్తుంది, రెండు రీడింగులు కలపడానికి మాత్రం వీల్లేదు. పైథాన్‌లో తేదీ-సమయానికి వాడే డేట్‌టైమ్, వ్యవధికి వాడే టైమ్‌డెల్టా నడిచేదీ ఇలాగే. రెండు డేట్‌టైమ్‌లు కలిపి చూడండి, ఒప్పుకోదు.

మళ్లీ రన్... 25. పెద్ద ప్రాజెక్టయితే ఇదంతా చేత్తో రాయక్కర్లేదు, ప్రమాణాల పని చూసుకునే పింట్ లైబ్రరీ పెట్టుకోండి. అందులోనూ ఉష్ణోగ్రత తేడాకు ప్రమాణం విడిగానే ఉంటుంది.