ఆక్సిజన్ మాస్కు గొట్టం: దాన్నదే పట్టుకుని, దానంతటది విడిపోయేలా

శ్రోతలకు నమస్కారం. విమానం కదిలే ముందు సిబ్బంది పసుపుపచ్చ మాస్కు చూపించి, "దీన్ని మీవైపు గట్టిగా లాగండి" అని చెబుతారు. ఆ మాస్కు వెనక ఉండే సన్నని గొట్టం గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

విమానం 35,000 అడుగుల ఎత్తున పోతున్నా, లోపలి గాలి ఒత్తిడిని సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉండేంతగా నిలిపి ఉంచుతారు. అది తగ్గిపోయి 14,000 అడుగుల స్థాయికి వచ్చేసరికి మన తలపై మాస్కులుండే పెట్టెల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. 2018 సెప్టెంబరులో ముంబై నుంచి జైపూర్ బయలుదేరిన విమానంలో, క్యాబిన్‌కి గాలి పంపే స్విచ్చు వేయకపోవడంతో ఇలాగే మాస్కులు దిగాయి. కొందరికి ముక్కుల్లోంచీ చెవుల్లోంచీ రక్తం కారింది. విమానం వెనక్కి తిరిగివచ్చింది. 35,000 అడుగుల దగ్గర ఒత్తిడి పోతే మనిషికి ఒళ్లు తెలిసి పని చేసుకునే వ్యవధి అర నిమిషం నుంచి నిమిషం. గొట్టం చిక్కు విప్పుకుంటూ కూర్చోవడానికి ఆ కాస్త సమయం చాలదు.

పెట్టెలో ఏముంటుంది? చాలా విమానాల్లో సోడియం క్లోరేటు నింపిన చిన్న డబ్బా ఉంటుంది. మాస్కు లాగగానే దానికి కట్టిన సన్నని తాడు డబ్బా పిన్నును ఊడదీస్తుంది, లోపలి రసాయనం రాజుకుని ఆక్సిజన్ వస్తుంది. ఒకసారి మొదలైతే ఆపలేం. రకాన్ని బట్టి 12 నుంచి 22 నిమిషాలు వస్తుంది. డబ్బా పైభాగం 200 డిగ్రీలు దాటి కాలుతుంది కాబట్టి గొట్టం చుట్ట దాన్ని తాకకూడదు. తాడు గొట్టం కంటే పొట్టిగా ఉండాలి. గొట్టం ముందు బిగుసుకుంటే పిన్ను రాదు, అతుకే ఊడిపోవచ్చు.

ఇక అసలు చిక్కు, మడత పెట్టడంలో ఉంది. గొట్టం మీటరు పొడవనుకోండి. 7 సెంటీమీటర్ల వెడల్పు చుట్టగా చుడితే ఒక్కో చుట్టుకు 22 సెంటీమీటర్లు, అంటే నాలుగున్నర చుట్లు. ఆ చుట్టను కదలకుండా ఉంచి ఒక కొస లాగితే ప్రతి చుట్టుకూ గొట్టంలో ఒక పూర్తి మెలిక పడుతుంది. మెలిక ముదిరిన చోట గొట్టం నలిగి నొక్కుకుపోతుంది. నిదానంగా పారే వాయువుకు గొట్టం లోపలి వెడల్పు సగమైతే అడ్డు పదహారు రెట్లు పెరుగుతుంది. అందుకే ఎనిమిది అంకె ఆకారంలో పరచడం మేలు: ఒక వైపు పడ్డ మెలికను రెండో వైపు మెలిక రద్దు చేస్తుంది.

పరిచిన గొట్టాన్ని అలాగే పట్టి ఉంచేదెలా? రబ్బరు బ్యాండు ఏళ్ల తరబడి ఉండి ఎండి అంటుకుపోతుంది. టేపు జిగురు కారుతుంది. కట్టిన ప్రతిదీ అవసరానికి ఊడకపోయే అవకాశం ఉన్నదే. కాబట్టి పట్టు గొట్టంలోనే ఉండాలి. పైభాగాన సన్నని గట్టు, కిందిభాగాన దానికి సరిపడే గాడి పోతపోస్తే, ఒక పొర మీద మరో పొర జిప్ కవరు మూతలా కరుచుకుంటుంది. పక్కకు జరపాలంటే గట్టిగా పట్టుకుంటుంది, కొస నుంచి ఒలిస్తే తేలిగ్గా వస్తుంది. ఎనిమిది అంకె గీతలు ఒకదాన్నొకటి దాటుకునే చోట గాడి కలవదు, అయినా ఇబ్బంది లేదు.

ఎంత తేలిగ్గా అన్నదే లెక్క. మాస్కు 50 గ్రాములనుకుంటే ఒలవడానికి దొరికే బలం అర న్యూటన్. గాడి అంతకు బాగా తక్కువకే విడవాలి. మాస్కు దగ్గరి 15 సెంటీమీటర్లలో గాడి లేకుండా వదిలేయడం మంచిది. మాస్కు ముందు స్వేచ్ఛగా పడి, ఆ ఊపుతో ఒలవడం మొదలుపెడుతుంది.

ఏ పదార్థం అన్నది కూడా తేలికైన విషయం కాదు. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి పోతుంది. గొట్టం బిరుసెక్కి, మడిచిన ఆకారంలోనే ఉండిపోతుంది. ఒత్తిడి పోయినప్పుడు క్యాబిన్ చల్లబడటంతో మరీ గట్టిపడుతుంది. సిలికోన్ చలికి లొంగదు కానీ ఒకదానికొకటి అంటుకునే గుణం ఉంది. దానికి పొడి చల్లితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె రాయడం అంతకన్నా ప్రమాదం, ఆక్సిజన్ తగిలితే నిప్పంటుకోవచ్చు. పైపొరను కాస్త గరుకుగా పోతపోయడమే దారి.

పరీక్ష కూడా అలాగే కఠినంగా చేయాలి. మడిచిన పెట్టెనే వేడిలో ముదరబెట్టి, తర్వాత గడ్డకట్టే చలిలో ఉంచి, తలుపు తీయాలి. మూడు సీట్ల వరుసకు సాధారణంగా నాలుగు మాస్కులుంటాయి. ఆ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకోకుండా పడాలి. పెట్టెను కొంచెం వాల్చి కూడా చూడాలి, ఎందుకంటే అప్పటికే విమానం ముక్కు కిందికి వంచి దిగుతూ ఉండొచ్చు.

గట్టుకు ఎర్ర రంగు వేస్తే ఇంకో లాభం. తనిఖీ తర్వాత మళ్లీ మడిచే సాంకేతిక నిపుణుడికి ఆ గీత గొట్టం పొడవునా నేరుగా కనబడితే మెలిక లేదని అర్థం. సుడి తిరిగి కనిపిస్తే విప్పి మళ్లీ పరచాలి.