కేసుల లెక్క వేరు, రోగుల లెక్క వేరు

(తిరుపతి స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: సమన్వయకర్త, మానసిక వైద్యురాలు, గణాంకశాస్త్ర అధ్యాపకుడు)

సమన్వయకర్త: గంజాయి పట్టుబడిన ప్రతిసారీ తిరుపతిలో ఓపియాయిడ్ల మత్తుకు బానిసైన రోగులు పెరిగిపోయారంటున్నారు. కిలోల లెక్క చూసి అట్లా అనొచ్చా సార్?

అధ్యాపకుడు: అనకూడదండీ. గంజాయి అసలు ఓపియాయిడే కాదు. నల్లమందు, దాని తరహాలో పనిచేసే హెరాయిన్, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు ఆ కోవలోకి వస్తాయి. ఇక కిలోలు, కేసులు తనిఖీ ఎంత జరిగిందో చెబుతాయి. చెక్‌పోస్టులు పెంచితే కేసులు పెరుగుతాయి, వాడేవాళ్లు మాత్రం అంతమందే ఉండొచ్చు. ఇక్కడ దొరికిన సరుకు చెన్నైకి పోయేదైనా కావచ్చు.

సమన్వయకర్త: మరి దేన్ని నమ్మాలి?

అధ్యాపకుడు: కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే ఉంది, 2019లో వచ్చింది. ఇంటింటికీ తిరిగి 4,73,569 మందిని అడిగారు. అయితే గడప ముందు నిలబడి హెరాయిన్ గురించి అడిగితే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే వాడేవాళ్ల ద్వారానే మిగతావాళ్లను పట్టుకుని ఇంకో 72,642 మందితో మాట్లాడారు. ఉదాహరణకు, వాళ్లు చెప్పినదాన్ని బట్టి ఒక ఊళ్లో వాడేవాళ్లలో పదిమందికి ఒకరు ఏడాదిలో ఆసుపత్రిలో చేరారనీ, అక్కడి ఆసుపత్రుల రిజిస్టర్లలో 50 పేర్లున్నాయనీ అనుకుందాం. అంటే ఆ ఊళ్లో వాడేవాళ్లు మొత్తం సుమారు 500. పదిమంది రెండేసి చోట్ల పేరు రాయించుకుని 50 కాస్తా 60 అయితే, మొత్తం 600 అయిపోతుంది. అందుకే రిజిస్టర్ శుభ్రంగా ఉండాలని అంత పట్టుబడతాం.

వైద్యురాలు: చదవడంలోనూ తప్పు జరుగుతోంది. ఆ సర్వేలో దేశమంతటా ఏడాదిలో ఓపియాయిడ్ వాడినవాళ్లు 2.26 కోట్లు. చికిత్స, సాయం అవసరమైనవాళ్లు సుమారు 77 లక్షలు. మొదటి అంకెనే రోగుల సంఖ్యగా చెప్పేస్తున్నారు. జనం భయపడతారు, పెళ్లి సంబంధాలు చెడతాయని ఇంట్లోవాళ్లు బిడ్డను దాచేస్తారు. అట్లా దాచినవాళ్లు సర్వేకీ దొరకరు, ఓపీకీ రారు.

సమన్వయకర్త: గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మానేస్తాడంటారే మేడమ్?

వైద్యురాలు: అదే ప్రాణం మీదికి తెస్తుంది. హెరాయిన్ ఆపిన 8–12 గంటల్లో ఒళ్లునొప్పులు, విరేచనాలు మొదలవుతాయి. రెండు మూడు రోజులకు ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతాయి. నయమైందనుకుంటారు. ఈలోగా ఒంటికి తట్టుకునే శక్తి పడిపోయి ఉంటుంది, పాత మోతాదే తీసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఆ బాధలను అదుపులో పెట్టే బుప్రెనార్ఫిన్ అనే మందు మాత్రను నాలుక కింద పెట్టించి నెలల తరబడి, అవసరమైతే ఏళ్ల తరబడి ఇస్తాం. చివరిసారి హెరాయిన్ తీసుకున్నాక కనీసం 12 గంటలు ఆగి, బాధలు కనిపించాకే మొదలుపెట్టాలి. తొందరపడితే అవన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మందు పడలేదని మనిషి మళ్లీ రాడు.

సమన్వయకర్త: ఆసుపత్రికి వస్తే కేసవుతుందనే భయం కూడా ఉంది కదా?

అధ్యాపకుడు: మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ చూడండి. వాడకం కేసులో గానీ, చిన్న మొత్తం దొరికిన కేసులో గానీ ఉన్న రోగి తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపున్న కేంద్రంలోనో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు.

వైద్యురాలు: దారి తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు వాడిన మాత్రల స్ట్రిప్పులు తీసుకురండి, చివరిసారి ఎన్ని గంటలకు తీసుకున్నారో చీటీ మీద రాసుకోండి. మొదటి మాత్ర ఎప్పుడివ్వాలో దాన్ని బట్టే చూస్తాం.