టావోబావోకూ మనకూ మధ్య ఒక కమీషన్ వ్యాపారి

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని ఈ క్లబ్‌హౌస్‌కి ఇంతమంది వచ్చారంటే, మీలో సగంమంది పార్సెళ్లు ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఉంటాయని నా అనుమానం.

నా పని ఎలక్ట్రానిక్స్ బోర్డులు టెస్ట్ చేయడం. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులోనే. మాది గుంటూరు దగ్గర పల్లె, నాన్న మిర్చి వేసేవారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చైనా ఏజెంట్ల, అంటే అక్కడి సైట్లలో మన బదులు కొనిపెట్టి పంపేవాళ్ల వ్యవహారం అర్థం కావడానికి నాకు ఇంజనీరింగ్ కన్నా గుంటూరు మిర్చి యార్డే ఎక్కువ పనికొచ్చింది. నాన్న టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీకెత్తించి యార్డుకు తీసుకెళ్తే అక్కడ కమీషన్ వ్యాపారి ఉండేవాడు. టిక్కీ విప్పి గుప్పెడు కాయలు తీసి కొనేవాడికి చూపించేది ఆయనే, కాటా వేయించేది ఆయనే, డబ్బు చేతిలో పెట్టేదీ ఆయనే. తన వాటా తను పట్టుకునేవాడు. నాన్న ఇంటికొచ్చి ఆయన్ని తిట్టుకునేవారు, మరుసటి ఏడాది మళ్లీ ఆయన కొట్టుకే వెళ్లేవారు. తాలు కాయల దగ్గరో, తూకం దగ్గరో పేచీ వస్తే ఆయన ఇల్లెక్కడో నాన్నకు తెలుసు మరి. చైనా ఏజెంటు చేసేది కూడా అచ్చం ఇదే పని. ఇల్లెక్కడో మాత్రం మనకు తెలియదు.

అసలు మధ్యలో ఏజెంటు ఎందుకు? టావోబావో అనేది చైనా కంపెనీ అలీబాబా 2003లో చైనా వాళ్ల కోసం పెట్టిన ఆన్‌లైన్ బజారు. అక్కడ చాలావరకు చైనా భాష, చైనా ఫోన్ నంబరు, చైనా అడ్రసు, చైనా పద్ధతిలో చెల్లింపు. 1688 అని ఇంకొకటుంది, అది హోల్‌సేల్. ఆ అంకెల్ని వాళ్ల భాషలో గబగబా చదివితే అలీబాబా అన్నట్టే వినిపిస్తుంది, పేరు వెనక కథ అంతే. షియన్‌యూ అని పాత సామాన్లది మరొకటి. బయటి దేశాల వాళ్ల కోసం 2010లో అలీఎక్స్‌ప్రెస్ తెచ్చారు. మనలో చాలామంది పది రూపాయల రెసిస్టర్లు, రెండొందల సెన్సర్లు అక్కడే కొనేవాళ్లం. 2020 నవంబర్ 24న ప్రభుత్వం నిషేధించిన 43 యాప్‌లలో అది కూడా పోయింది. నిషేధం యాప్‌ల మీద, చైనా సరుకు మీద కాదు. అదే సరుకు మన బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో గుట్టలుగా ఉంటుంది. వీపీఎన్ పెట్టుకుని ఆ యాప్ తెరవండని నేను చెప్పను, ఎవరైనా చెప్పినా వినకండి. కాకపోతే ఆ తర్వాతే మన కుర్రాళ్లు ఏజెంట్ల వైపు మళ్లారు.

చైనాలో దీన్ని డైగో అంటారు. ఒకరి బదులు ఇంకొకరు కొనిపెట్టడం. మీరు వస్తువు లింకు ఇస్తారు, డబ్బు కడతారు. ఏజెంటు తన ఖాతాలోంచి కొంటాడు. సరుకు దక్షిణ చైనాలోని షెన్‌జెన్ చుట్టుపక్కలో, గ్వాంగ్‌డాంగ్‌లో ఇంకెక్కడో ఉన్న వాళ్ల గోడౌన్‌కి చేరుతుంది. అక్కడ పెట్టె విప్పి, ఫొటోలు తీసి, తూకం వేసి మీకు పంపిస్తారు. మీరు సరే అన్నాక ఏ దారిలో పంపాలో ఎంచుకుని రెండోసారి డబ్బు కట్టాలి. ఈ రెండోసారి దగ్గరే అందరి ముఖాలూ మారతాయి.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల కిందట బెంచ్ పవర్ సప్లయ్, అంటే బోర్డులు టెస్ట్ చేసేటప్పుడు కావలసినంత కరెంటు ఇచ్చే పెట్టె, ఒకటి నచ్చింది. 260 యువాన్లు. అప్పుడు యువాన్ పదకొండున్నర రూపాయలు, అంటే 2,990. ఎస్పీ రోడ్డులో దాదాపు అలాంటిదే 7,500 చెప్పారు. ఇక ఆలోచించేదేముంది అనుకున్నా. చైనాలో గోడౌన్ దాకా కొరియర్ 12 యువాన్లు, మన లెక్కలో 138. ఏజెంటు ఫీజు, డబ్బు మార్పిడిలో పోయేది కలిపి ఇంకో 150. తూకం ఫొటో వచ్చింది, కిలోన్నర పైన వంద గ్రాములు. హమ్మయ్య అనుకున్నా. కానీ బిల్లు మాత్రం మూడు కిలోలకు పడింది.

మోసం అనుకుని చాట్‌లో గొడవకు దిగాను. తప్పు నాదే. విమానంలో వచ్చే పార్సెల్‌కి బరువుతో పాటు అది ఆక్రమించే చోటు కూడా లెక్కే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, కొరియర్ వాళ్లు మామూలుగా 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. నా పెట్టె 34, 24, 18. గుణిస్తే 14,688. భాగిస్తే 2.94. రవాణాకి 2,700 కట్టాను. ఇప్పటికి 5,978 అయింది. ఇంకా కస్టమ్స్ దగ్గరికి రానేలేదు.

డ్యూటీ వస్తువు ధర మీదే పడుతుందని చాలామంది అనుకుంటారు. ధరకు రవాణా, ఇన్సూరెన్స్ కలిపి ఆ మొత్తం మీద వేస్తారు. వ్యక్తిగత వాడకానికి తెప్పించుకున్న సరుకు మీద అప్పట్లో ఎలా పడేదో చూడండి. వంద రూపాయల సరుకు అనుకోండి. 35 శాతం బేసిక్ డ్యూటీ, 135 అయింది. ఆ 35 మీద పది శాతం సర్‌చార్జీ, అంటే మూడున్నర. 138.50. ఇప్పుడు ఈ మొత్తం మీద 28 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ, 38.78. అన్నీ కలిపి 177.28. అంటే పన్ను మీద పన్ను, దాని మీద ఇంకో పన్ను. తర్వాత బడ్జెట్లలో ఈ రేటు బాగా తగ్గించారు, వస్తువును బట్టి మారుతుంది కూడా. ఆర్డర్ పెట్టే రోజున చూసుకోండి, నా అంకెలు పట్టుకుని నన్ను తిట్టకండి. పద్ధతి మాత్రం అదే. నా 5,978 మీద 4,620 పడింది. మొత్తం 10,598. ఎస్పీ రోడ్డు సేఠ్‌జీ ఇప్పటికీ కనిపించినప్పుడల్లా నవ్వుతాడు.

అది కూడా సాఫీగా కట్టలేదు. అసలు కథ ఇక్కడుంది. పార్సెల్ పంపేముందు ఏజెంటు సైటులో ఒక గడి ఉంటుంది, వస్తువు విలువ ఎంత రాయాలి అని. చాట్‌లో అమ్మాయి, అమ్మాయో అబ్బాయో లేక మిషనో, "డియర్ ఫ్రెండ్, ఇండియాకి 18 డాలర్లు రాస్తే సేఫ్" అంది. పైన గిఫ్ట్ అని రాసింది. నేను ఓకే నొక్కాను. దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకు పార్సెల్ వచ్చింది, ఆగింది. కొన్న బిల్లు పంపండి, డబ్బు కట్టిన రుజువు పంపండి, వస్తువు లింకు పంపండి అని మెయిల్. కార్డు స్టేట్‌మెంట్ తీస్తే అందులో అసలు అంకె కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మూడు వారాలు ఒకటే టెన్షన్. చివరికి అసలు విలువ మీద ఆ 4,620 డ్యూటీ, అది కాక పైన జరిమానా, అక్కడి గోడౌన్ అద్దె. ఏజెంటుకి రాస్తే వెంటనే, చాలా మర్యాదగా జవాబిచ్చాడు. డియర్ ఫ్రెండ్, కస్టమ్స్ బాధ్యత కొన్నవారిదే, మా షరతుల్లో రాసి ఉంది.

రాసే ఉంది. నేనే చదవలేదు. కేవైసీకి ఇచ్చిన ఆధార్ నాది, కాగితాల మీద దిగుమతిదారు పేరు నాది. చట్టం దృష్టిలో ఏజెంటు ఈ కథలో లేనే లేడు. 1962 కస్టమ్స్ చట్టంలో తప్పుడు విలువ రాస్తే సరుకు జప్తు చేయడానికి 111వ సెక్షన్, జరిమానా వేయడానికి 112వ సెక్షన్ ఉన్నాయి. గిఫ్ట్ అనే మాట అయితే ఇంకా దండగ. 2019 డిసెంబర్‌లోనే రాఖీలు, ప్రాణాధార మందుల్లాంటి ఒకటి రెండు తప్ప గిఫ్టు పేరుతో డ్యూటీ లేకుండా సరుకు తెప్పించుకోవడాన్ని ఆపేశారు. ఇప్పటికీ గిఫ్ట్ అని రాయమనే ఏజెంటు కనబడితే, అతనికి ఇండియా సంగతి తెలియదన్నమాట. యార్డులో తప్పు తూకం వేస్తే కమీషన్ వ్యాపారిని నిలదీయొచ్చు. ఇక్కడ తప్పు తూకం చీటీ మీద సంతకం మనది.

మరి ఏజెంటు దండగేనా? కాదు. నేను ఇప్పటికీ తెప్పిస్తున్నా. ఏజెంటు దగ్గర నేను నిజంగా కొనుక్కునేది కళ్లు, చేతులు. ఆ ఫొటో ఉంది చూశారా, అదే మొత్తం బేరం. సరుకు ఇంకా చైనాలో ఉండగానే చూసుకునే చివరి అవకాశం. 2014 మార్చి 15 నుంచి చైనా చట్టంలో ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువుల్ని ఏడు రోజుల్లో కారణం చెప్పకుండా వాపసు ఇవ్వొచ్చు. ఆ గడువు గోడౌన్‌కి చేరిన రోజు నుంచి లెక్క, బెంగళూరు చేరిన రోజు నుంచి కాదు. ఏజెంటు ఇంకా తక్కువ రోజులే ఇస్తాడు. విమానం ఎక్కాక ఇక వాపసు మాట మర్చిపోండి.

అందుకే ఫొటో అడిగేటప్పుడు పైసలకి వెనకాడకండి. అదనపు ఫొటోకి ఒకటో రెండో యువాన్లు అడుగుతారు. చిప్పు మీద రాత చదవగలిగేలా దగ్గరగా, కనెక్టర్ పిన్నులు లెక్కపెట్టేలా, పక్కన స్కేలు పెట్టి తీయమనండి. మనలో కొందరు డబ్బా ఫొటో చూసి మురిసిపోతారు. డబ్బాని ఏం చేసుకుంటాం?

లింకు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. పైన ధర 3 యువాన్లు అని ఉంటుంది. లోపల ఏడు రకాలుంటాయి, ఆ మూడు యువాన్లు స్క్రూల పొట్లానిది. మీకు కావలసిన బోర్డు అయిదో గడిలో ఉంటుంది, 48 యువాన్లు. ఏజెంటుకి లింకు మాత్రమే ఇచ్చి రకం రాయకపోతే స్క్రూలే వస్తాయి. నాకు తెలిసిన ఒకాయనకి వచ్చాయి కూడా, చాలా మంచి స్క్రూలు. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి, చాయ్ జీ. మన చాయ్ కాదు. పాత మిషన్ విప్పి పీకిన సరుకు అని అర్థం. అది రాసి ఉన్నా నేను కొంటాను, ధర చూసి. రాయకుండా పాతదాన్ని పాలిష్ పట్టి, మీద కొత్త నంబరు కొట్టి అమ్మేవాళ్లతోనే చిక్కు. 2014లో యూఎస్‌బీ చిప్పులు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ అప్‌డేట్ ఒకటి వదిలితే, ప్రపంచమంతా దాని నకిలీ చిప్పులు ఒక్కసారిగా మూగబోయాయి. తమ దగ్గరున్నది నకిలీ అని చాలామందికి ఆ రోజే తెలిసింది.

బ్యాటరీల సంగతి. ఒక టార్చిలైటు కొంటే అందులో 18650 అనే సైజు లిథియం సెల్లు వచ్చింది, మీద దాని సామర్థ్యం 9,900 ఎంఏహెచ్ అని బంగారు రంగులో అచ్చు. ఆ సైజులో మంచి కంపెనీ సెల్లు 3,500 దగ్గర ఉంటుంది. కొలవడానికి మీటరు కూడా అక్కర్లేదు. వంటింటి కాటా మీద పెట్టాను, 27 గ్రాములు. అసలుది 45 పైనే తూగుతుంది. దాన్ని కోసి చూడాలనిపిస్తుంది, కోయకండి, మంటలొస్తాయి. విడి లిథియం సెల్లుల్ని 2016 నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయనివ్వరు, అందుకే పవర్ బ్యాంకులూ విడి సెల్లులూ ఆర్డర్ పెడితే చాలా ఏజెంట్లు గోడౌన్‌లోనే ఆపేస్తారు. మన ఖర్చుతో వాపసు. వస్తువులో బిగించి ఉన్న చిన్న బ్యాటరీ అయితే వేరే దారి ఉంటుంది, రేటు ఎక్కువ.

తెప్పించుకోకూడనివి కూడా చెప్పాలి. డ్రోన్ వద్దు, 2022 ఫిబ్రవరి నుంచి తయారైన డ్రోన్ల దిగుమతి మామూలు మనుషులకి బంద్, విడిభాగాలకి ఆ అడ్డు లేదు. సిగ్నల్ బూస్టర్లు, జామర్లు, వాకీటాకీలు జోలికే పోకండి. వైఫై, బ్లూటూత్ ఉన్నవాటికి వైర్‌లెస్ విభాగం అనుమతి ప్రశ్న రావచ్చు. ల్యాప్‌టాప్‌ల మీద 2023 ఆగస్టులో ఆంక్షలు పెట్టినప్పుడు ఒక్క ల్యాప్‌టాప్‌ని పోస్టులోనో కొరియర్‌లోనో డ్యూటీ కట్టి తెచ్చుకోవడానికి వీలు ఉంచారు. అయినా ఫోనూ ల్యాప్‌టాపూ నేను తెప్పించను. చైనా కోసం చేసిన ఫోన్‌లో గూగుల్ సర్వీసులు ఉండకపోవచ్చు, ఇక్కడ వారంటీ అడిగితే నవ్వుతారు. పది బోర్డులు తెచ్చి అమ్ముకుందాం అనుకునే తమ్ముళ్లు ఉంటే, అది వ్యాపారం. దిగుమతి వ్యాపారానికి ప్రభుత్వం ఇచ్చే ఐఈసీ నంబరు తీసుకోండి, ఫీజు 500 రూపాయలే. సొంత వాడకం అని రాసి పది తెప్పిస్తే కస్టమ్స్ వాళ్లకి లెక్కలు రావనుకోకండి.

నేను తెప్పించేవి ఎస్పీ రోడ్డంతా తిరిగినా దొరకనివి. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌కి స్క్రీను, ఎవరూ తయారు చేయని కనెక్టరు, మీటరుకి తెగిపోయిన నాబ్. తేలికగా, పల్చగా, కవరులో పట్టేవి. వాటిమీద డ్యూటీ ఎంత పడినా బాధ ఉండదు, ఎందుకంటే ఇక్కడ పోల్చి చూడటానికి ధరే లేదు.

ఇప్పుడు కూడా ఒకటి గోడౌన్‌లో ఉంది. మా అమ్మాయి వాడే పాత ల్యాప్‌టాప్‌కి కీబోర్డు, 62 యువాన్లు. ఫొటో పొద్దున్నే వచ్చింది, స్క్రీన్ మీద వేస్తున్నా చూడండి. వెనక లైట్లు ఆర్పండి ఒకసారి. ఎంటర్ కీ దగ్గర చూడండి. మనది అడ్డంగా ఉండాలి, ఇది నిలువుగా రెండు వరసలు పట్టేసింది. నేను మోడల్ నంబరు రాశాను, అమెరికా లేఅవుట్ అని రాయలేదు. సరుకు చేరి ఇది మూడో రోజు, వాపసు గడువు రేపు సాయంత్రం దాకా ఉంది. చాట్ తెరిచే పెట్టాను, ఇది అయిపోగానే రాయాలి.