జిల్లా సగటు చాటున మిగిలిన ఊళ్ళు

శ్రోతలకు నమస్కారం.

వెనుకబడిన ప్రాంతాల కోసం ప్రభుత్వం ఏ పథకం తలపెట్టినా ముందుగా తయారయ్యేది జిల్లాల జాబితా. పేరున్న జిల్లాకు నిధులు వస్తాయి, లేని జిల్లా మరో జాబితా కోసం ఎదురుచూస్తుంది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకాన్ని తొలి విడతగా 200 జిల్లాల్లో ప్రారంభించినప్పుడు విజయనగరం అందులో ఉంది, శ్రీకాకుళం రెండో విడత దాకా ఆగింది. 250 జిల్లాలకు వర్తించిన వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధిలోనూ, 2018 జనవరిలో ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలోనూ విజయనగరానికి చోటు దక్కింది, శ్రీకాకుళానికి దక్కలేదు. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత విజయనగరంలో 58.89 శాతం, శ్రీకాకుళంలో 61.74 శాతం. రెండూ ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02 కంటే బాగా దిగువనే ఉన్నాయి.

విజయనగరానికి ఎక్కువ దక్కిందని నేను ఆక్షేపించడం లేదు. ఆ జిల్లాకు అందినది అవసరానికి మించినదేమీ కాదు. నా అభ్యంతరమంతా జిల్లా సగటును పేదరికానికి కొలతగా వాడటం మీదనే. సాలూరు, పార్వతీపురం కొండల మీది ఊళ్ళు 1979 జూన్ 1 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి, ఆనాటి నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. ఊరు ఉన్నచోటనే ఉంది. దాని లెక్క ఏ సగటులో కలుస్తుందన్నదే మారుతూ వచ్చింది.

రాష్ట్ర విభజన తర్వాత ఉత్తరాంధ్రలో మూడు, రాయలసీమలో నాలుగు, మొత్తం ఏడు వెనుకబడిన జిల్లాలకు కేంద్రం ఏటా జిల్లాకు 50 కోట్ల రూపాయల చొప్పున ప్రత్యేక సాయం మొదలుపెట్టింది. ఈసారి శ్రీకాకుళం కూడా జాబితాలో ఉంది. 2011లో ఆ జిల్లా జనాభా 27 లక్షల పైమాటే కాబట్టి, 50 కోట్లను తలసరి పంచితే ఏడాదికి సుమారు 185 రూపాయలు వస్తుంది. ఆ సొమ్మును ఒకటి రెండు మండలాల్లో తాగునీటికో రహదారులకో వెచ్చిస్తే చెప్పుకోదగిన పని జరుగుతుంది. జిల్లా అంతటా చిన్న చిన్న పనులుగా విడగొడితే అక్కడో కమ్యూనిటీ హాలు, ఇక్కడో సిమెంటు రోడ్డు ముక్క మిగులుతాయి.

అదే సమయంలో వచ్చిన పన్ను రాయితీల తీరు ఇంకా ఆలోచించదగినది. 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి వరకు ఈ జిల్లాల్లో కొత్తగా పెట్టే పరిశ్రమలకు యంత్రసామగ్రి ఖర్చులో 15 శాతాన్ని పెట్టుబడి భత్యంగా, మరో 15 శాతాన్ని అదనపు తరుగుదలగా పన్ను పడే ఆదాయం నుంచి మినహాయించుకోనిచ్చారు. కర్మాగారం పెట్టేవాడు రాయితీ ఒక్కటే చూడడు. రహదారి, నీరు, విద్యుత్తు, ఓడరేవుకు దూరం అన్నీ చూస్తాడు. రణస్థలం మండలంలోని పైడిభీమవరం జాతీయ రహదారిని ఆనుకొని ఉంది, విశాఖకు దగ్గర. కొత్తూరుకు ఆ వసతి లేదు. రాయితీ జిల్లా అంతటికీ ఒకటే అయినప్పుడు పెట్టుబడి రహదారి పక్కకే చేరుతుంది, జిల్లా సగటు పెరుగుతుంది, కొండ దిగువన ఉన్న ఊరు మరుసటి జాబితాకు అర్హత కోల్పోతుంది.

ఇక శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ఈ నేలను పేదరికపు కొలమానాలతో వెతికితే ముందు వరుసలో దొరకదు. కానీ అక్కడ మధుమేహం, రక్తపోటు లేనివారు సైతం మూత్రపిండాలు చెడిపోయి మరణించడం ఏళ్ళ తరబడి సాగింది. దీనికి అసలు కారణం ఏమిటన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేదు. నీటిని అనుమానించారు, నేలను, పురుగుమందులను, ఎండలో ఒళ్ళు వంచి చేసే పనిని అనుమానించారు. కారణం తేలే వరకూ చేతులు ముడుచుకోకుండా, హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఈ మండలాలకు శుద్ధిచేసిన నీరు తెచ్చే పథకాన్ని సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టారు. దానితోపాటు పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రాన్ని నిర్మించి, 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఏడు మండలాల నీటి పథకానికి పెట్టిన ఆ 700 కోట్లు, ప్రత్యేక సాయంగా జిల్లాకు ఏడాదికి కేటాయించిన 50 కోట్లకు 14 రెట్లు. ఇక్కడ జిల్లా ఎల్లలను కాక, జబ్బు ఎంతవరకు పాకిందో అంతవరకు పథకపు ఎల్లగా గీశారు. మన ప్రాంతంలో ఇంత సరిగ్గా గీసిన గీత మరొకటి నాకు తోచడం లేదు.

అయితే కట్టడం ఒక ఎత్తు, నడపడం మరొక ఎత్తు. పంపులకు కరెంటు ఛార్జీలు, గొట్టాల మరమ్మతులు, డయాలసిస్ యంత్రాలకు నిపుణులు, మారుమూల పట్టణంలో నిలిచి పనిచేసే వైద్యులు ఏటేటా కావలసినవే. వీటికి శంకుస్థాపనలు ఉండవు గనుక బడ్జెట్టులో గట్టిగా అడిగేవారూ తక్కువే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇదే ఉద్దానంలో తోటలు నేలమట్టమయ్యాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు వచ్చేసరికి అయిదారేళ్ళయినా పడుతుంది. తుపాను సాయం మాత్రం ఒకే విడతలో ముగిసే ఏర్పాటు.

ఉద్దానం పొరుగునే సోంపేట బీల ఉంది. వర్షపు నీరు చేరి నిలిచే ఆ పల్లపు భూముల మీద రైతులు, మత్స్యకారులు, పశువుల కాపరులు బతుకుతారు. అధికారుల దస్త్రాల్లో మాత్రం అది నిరుపయోగమైన భూమిగా ఉండేది. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెడితే వెనుకబాటు పోతుందని తలచారు. 2010 జూలై 14న నిరసనకారులపై జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ళ సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ నేల మీద ఎవరు ఎలా బతుకుతున్నారో ముందే లెక్క వేసి ఉంటే ఆ ఇద్దరి ప్రాణాలు దక్కేవి.

కొండ ప్రాంతాల్లో చిక్కు వేరు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు సీతంపేటలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయం మన్యం జిల్లాకు వెళ్ళింది. మెళియాపుట్టి, మందస మండలాల గిరిజన గ్రామాలు శ్రీకాకుళంలోనే మిగిలాయి, వారి పనులు చూసే కార్యాలయం పొరుగు జిల్లాలో ఉంది. మేలైన ఉదాహరణ కూడా ఈ కొండల్లోనే దొరుకుతుంది. దారి లేని గిరిశిఖర గ్రామాల నుంచి నిండు చూలాలిని పురిటి నొప్పుల వేళ డోలీలో మోసుకురావడానికి బదులు, నెలలు నిండకముందే తీసుకొచ్చి పోషకాహారం పెట్టి చూసుకునే వసతి గృహాన్ని సాలూరులో ఐటీడీఏ ఏర్పాటు చేసింది. రోడ్డు వేయడానికి అటవీ అనుమతులు, ఏళ్ళు కావాలి. కాన్పు ఆగదు. సాలూరు పక్కనే ఉన్న కొటియా గ్రామాలు ఆంధ్రవా ఒడిశావా అన్న వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది కాబట్టి, రెండు రాష్ట్రాలూ పోటీపడి అక్కడివారికి పథకాలు అందిస్తున్నాయి. వివాదం లేని కొండ ఊళ్ళకు ఆ భాగ్యం లేదు!

కేంద్రం 2023లో ఆకాంక్షిత బ్లాకుల కార్యక్రమాన్ని 500 బ్లాకులతో ప్రారంభించి, మన్యం జిల్లాలోని భామిని మండలాన్ని అందులో చేర్చింది. కొలమానాన్ని జిల్లా నుంచి మండలానికి దించడం సరైన అడుగే. ఇప్పటికైతే అది ప్రధానంగా సూచికల పరిశీలన, ఉన్న పథకాల సమన్వయం. మండలం పేరుతో నిధులు, వాటిని ఖర్చుపెట్టే అధికారం వస్తేనే ఆ అడుగు పూర్తవుతుంది.

చివరిగా తీరం. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఇదే అత్యధికం. అయినా పెద్ద పడవలకు తగిన చేపల రేవు లేక మన మత్స్యకారులు దశాబ్దాలుగా గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి కూలికి వేటాడుతున్నారు. 2018 నవంబరులో అక్కడి నుంచి సముద్రంలోకి వెళ్ళి పాకిస్తాన్ చేతికి చిక్కిన మన రాష్ట్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారే. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై ఇల్లు చేరారు. ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఓడరేవు కడుతున్నారు, బుడగట్లపాలెంలో చేపల రేవు తలపెట్టారు. ఓడరేవు వల్ల జిల్లా ఆదాయం పెరగడం ఖాయం. అయితే చుట్టుపక్కల ఊళ్ళ యువకులకు క్రేన్లు, గిడ్డంగులు, యంత్రాల పనుల్లో శిక్షణ ఎక్కడ ఇస్తారు, చిన్న పడవలకు సముద్రంలోకి దారి ఎటు విడిచిపెడతారు అన్న విషయాలను నిర్మాణం సాగుతుండగానే ఒప్పందాల్లో రాయించుకోవాలి. ఆ రాతకు అడగవలసింది గ్రామసభలే. ఆ సభల తీర్మానాలను పరిశీలించి, ఏది అంగీకరించారో ఏది తిరస్కరించారో కారణాలతో సహా అదే సభకు తెలియజేయడం జిల్లా యంత్రాంగం వంతు.

నమస్కారం.