పచ్చడి జాడీతో తెల్లవారిన స్టేజీ

హోస్ట్: అందరికీ నమస్కారం. చిన్నప్పుడు పట్టుకున్న నాటకాల ఇష్టాన్ని బతుకుతెరువు చేసుకున్నవాళ్లతో మాట్లాడుతున్నాం కదా, ఇవాళ్టి అతిథి స్టేజీ మీద కనిపించరు. ఇరవై ఏళ్లుగా నాటకాలకీ, కూచిపూడి ప్రదర్శనలకీ లైటింగ్ చేస్తున్నారు. సొంతూరు తెనాలి. నమస్తే అక్కా.

అతిథి: నమస్తే తమ్ముడూ.

హోస్ట్: నాటకాల్లోకి ఎలా వచ్చారు?

అతిథి: మా ఊళ్లో నాటకమే మన దగ్గరికి వస్తుంది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలోనే పుట్టింది. నా చిన్నప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా పరిషత్తు పోటీలే. మూడు రోజులు, రాత్రి తెల్లవార్లూ నాటికలు. మా నాన్నగారు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఆయన స్టేజీ ముందు కూర్చుంటే నన్ను ఎవరు చూసుకుంటారు? అందుకని తీసుకెళ్లి సైడ్ వింగులో, అంటే స్టేజీ పక్కన తెర చాటున, కూర్చోబెట్టేవారు. అలా నాటకాన్ని నేను మొదటిసారి పక్క నుంచి చూశాను.

హోస్ట్: అక్కడ లైట్లు చేసే ఆయన ఉండేవారట కదా.

అతిథి: లైట్ల మేస్టారు. ఆయన ముందు రెండు జాడీలు ఉండేవి. ఆవకాయ పెట్టుకునే జాడీలే, వేరే ఏమీ కాదు. వాటిలో ఉప్పు కలిపిన నీళ్లు. అడుగున ఒక రేకు, పైనుంచి తాడుకి వేలాడుతూ ఇంకో రేకు. లైటుకి వెళ్లే కరెంటు ఆ నీళ్లలోంచి పోతుందన్నమాట. పై రేకుని దించేకొద్దీ స్టేజీ మీద వెలుతురు పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది. ఆ రోజుల్లో చిన్న ఊళ్లలో డిమ్మర్ అంటే అదే.

హోస్ట్: అమ్మో. షాక్ కొట్టదా?

అతిథి: కొడుతుంది. ఆయన చెక్క పీట మీద కూర్చునేవారు, నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. వింటున్నవాళ్లెవరూ దయచేసి ఇంట్లో చేసి చూడకండి, ప్రాణాలు పోతాయి.

హోస్ట్: మీకు బాగా గుర్తున్న సీన్ ఏదైనా ఉందా?

అతిథి: ఒక నాటికలో తెల్లవారే సీను. స్టేజీ అంతా చీకటి. మధ్యలో నులక మంచం, దాని మీద ముసలాయన. మేస్టారు తాడు వదలడం మొదలుపెట్టారు. ఎంత నెమ్మదిగా అంటే, నేను ఆయన చేతినే చూస్తున్నా అది కదులుతున్నట్టు తెలియలేదు. ముందు మంచం కోడు కనపడింది. తర్వాత దుప్పటి అంచు. ఆ తర్వాత ముసలాయన చెవి, చెంప. నీళ్లు వేడెక్కి జాడీలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. జనం అంతా ముసలాయన్ని చూస్తున్నారు. ఆ తెల్లవారడం ఎక్కడి నుంచి వస్తోందో నాకొక్కదానికే తెలుసు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

హోస్ట్: మరి నటించాలని అనిపించలేదా?

అతిథి: స్కూల్లో, కాలేజీలో నటించాను. ప్రైజులూ వచ్చాయి. కానీ రిహార్సల్స్‌లో నా డైలాగ్ కంటే లైటు ఎక్కడ పడుతోందన్న ఆలోచనే ఎక్కువగా ఉండేది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో చేరాను. ఇంట్లో చాలా టెన్షన్ పడ్డారు. నాన్నగారు కూడా. కళాకారుడి ఇంట్లో డబ్బు ఎంత కష్టమో ఆయనకంటే ఎవరికి తెలుసు?

అక్కడ చదువుకుంటున్నప్పుడే నాటకాలకి లైటింగ్ చేసిన తాపస్ సేన్ గురించి తెలిసింది. కోల్‌కతాలో 1959లో ఉత్పల్ దత్ నాటకం ఒకటి, బొగ్గు గని కార్మికుల మీద. అందులో గనిలోకి నీళ్లు ముంచుకొచ్చే సీన్‌ని ఆయన లైట్లతో చూపించారు. అది చదివిన రోజు నాకు మా మేస్టారే గుర్తొచ్చారు. ఇద్దరిదీ ఒకే పని. కానీ ఒకరి పేరు పుస్తకాల్లో ఉంది, ఇంకొకరి పేరు మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

హోస్ట్: సురభి నాటకాలు కూడా అప్పుడే చూశారా?

అతిథి: చూశాను, తెర వెనక్కి కూడా వెళ్లాను. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన సమాజం అది. ఆ కుటుంబాలు తరాల తరబడి నాటకం మీదే బతికాయి. వాళ్లలో ఒకే మనిషి వేషం వేస్తాడు, తెర లాగుతాడు, గాల్లో బాణాలు ఢీకొనే చోట తీగలూ చూసుకుంటాడు. నాటకంలో తక్కువ పని అంటూ ఉండదని నేను అక్కడే చూశాను. పేరున్న కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ అంతటివారు వచ్చి వాళ్లతో కలిసి నాటకాలు చేశారంటే ఊరికే కాదు.

హోస్ట్: చదువు అయ్యాక సంపాదన?

అతిథి: మొదటి రెండేళ్లు కేబుళ్లు మోశాను. నిచ్చెన ఎక్కి లైట్లు బిగించడం, లైటుకి రంగు రావడానికి ముందు పెట్టే జిలెటిన్ పేపర్లు కత్తిరించడం. నాటకానికి మూడు వందలు ఇచ్చేవాళ్లు, ఒక్కోసారి భోజనం పెట్టి పంపేవాళ్లు. ఉన్నమాట చెప్పాలంటే, ఇప్పటికీ నాటకం ఒక్కదానితో నా ఇల్లు గడవదు. కూచిపూడి రంగప్రవేశాలు, కాలేజీ వార్షికోత్సవాలు, కంపెనీల ఫంక్షన్లు చేస్తాను. ఒక ఈవెంట్ వాళ్లు నాలుగు నెలలు తిప్పి చివరికి సగమే ఇచ్చారు. అప్పటి నుంచి సగం అడ్వాన్స్ చేతికి రాకుండా లైటు దించను. ఇది నేర్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది, నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి మొదటి రోజే చెప్తున్నాను.

హోస్ట్: ఇప్పుడు రావాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

అతిథి: ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది, 1959 నుంచి. మూడేళ్ల కోర్సు. అందులో నటనతో పాటు డిజైన్, డైరెక్షన్ కూడా ఉంటాయి, స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. సీట్లు తక్కువ. అక్కడ రాకపోతే మన యూనివర్సిటీల్లో డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కానీ దానికంటే ముందు మీ ఊళ్లో ఏదైనా సమాజం రిహార్సల్ చేస్తుంటే వెళ్లండి. కుర్చీలు సర్దండి, డైలాగ్ మర్చిపోయినవాళ్లకి పక్క నుంచి అందించండి. ఏ పని దగ్గర మీకు టైమ్ తెలియట్లేదో అక్కడే తెలుస్తుంది.

హోస్ట్: మీ పనిని ఎవరైనా తప్పుపట్టారా?

అతిథి: ఒకసారి రవీంద్రభారతిలో రైతు కుటుంబం మీద నాటకం. వెన్నెల సీన్‌కి నీలం జిలెటిన్ వేశాను. అందరూ వేసేదే. నాటకం అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, "అమ్మా, మా పొలంలో వెన్నెల నీలంగా ఉండదే" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత పౌర్ణమికి తెనాలి వెళ్లి డాబా మీద కూర్చున్నాను. నిజంగానే నీలం లేదు. ధాన్యం కుప్ప రంగు పోయి బూడిదలా కనిపిస్తోంది, నీడలు మాత్రం గీత గీసినట్టున్నాయి. అప్పటి నుంచి వెన్నెలకి రంగు దాదాపు తీసేశాను. ఒకే దిక్కు నుంచి తెల్లటి లైటు, గట్టి నీడ. అంతే.

హోస్ట్: మేస్టారిని మళ్లీ కలిశారా?

అతిథి: నేను పేరు తెచ్చుకునేసరికి ఆయన లేరు. వాళ్ల ఇంటికి వెళ్తే అమ్మగారు పెరట్లోంచి ఒక జాడీ తెచ్చి ఇచ్చారు. లోపల అడుగున రేకు ఆనిన చోట గుండ్రంగా నల్లటి మచ్చ. చింతపండు పెట్టి తోమినా పోలేదట. ఇప్పుడది నేను లైట్లు నడిపే కన్సోల్ పక్కనే ఉంటుంది.

హోస్ట్: ఈ సాయంత్రం కూడా షో ఉందన్నారు.

అతిథి: ఉంది, నాలుగింటికల్లా ఏ లైటు ఎక్కడ పడాలో సరిచూసే ఫోకసింగ్‌కి నిచ్చెన ఎక్కాలి. ఇందులోనూ తెల్లవారే సీను ఉంది. డైరెక్టర్ గారు రెండు నిమిషాల్లో తెల్లవారాలంటున్నారు. నేను నాలుగు అడుగుతున్నాను.