మౌలాలి గుట్ట

శ్రోతలకు నమస్కారం. సికింద్రాబాదులో కాజీపేట వైపు రైలెక్కితే కాసేపటికే మౌలాలి స్టేషను వస్తుంది. ఆ పేరును చాలామంది వినే ఉంటారు. ఆ పేరు గుట్టది. స్టేషనుకూ, చుట్టుపక్కల పేటకూ తరువాత అంటుకుంది.

గుట్టకు ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను. 1578వ సంవత్సరం. గోల్కొండను ఇబ్రహీం కుతుబ్ షా ఏలుతున్నాడు. హైదరాబాదు నగరం ఇంకా పుట్టలేదు, దానికి మరో 13 ఏళ్లు ఆగాలి. దర్బారులో యాకూత్ అనే ఉద్యోగి. జబ్బుచేసి, విశ్రాంతి కోసం లాలాగూడలో ఉంటున్నాడు. ఒక రాత్రి కలలో ఆకుపచ్చ దుస్తుల మనిషి వచ్చి, "మౌలా అలీ పిలుస్తున్నారు, రా" అన్నాడట. యాకూత్ వెంట నడిచాడు. గుట్టపైన, రాతి మీద కుడిచెయ్యి ఆనించి, మౌలా అలీ, అంటే ముహమ్మద్ ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీ, కూర్చుని ఉన్నారు. అంతలో మెలకువ వచ్చింది. తెల్లవారాక గుట్ట ఎక్కి చూస్తే, రాతి మీద చేతి ముద్ర! ఆ ముద్ర ఉన్న రాతిని తొలిచి తీయించి, అక్కడే కట్టించిన కమానులో నిలిపారు. మౌలా అలీ గుట్ట జనం నోట మౌలాలి అయింది. ఇస్లామీ క్యాలెండరులోని రజబ్ నెలలో ఇప్పటికీ ఉరుసు జరుగుతుంది. హిందువులూ వస్తారు, ముస్లిములూ వస్తారు.

కలను నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. కలలో చూసిన చోటును వెతుక్కుంటూ ఒక మనిషి గుట్ట ఎక్కడం మాత్రం నాకు ఎన్నిసార్లు విన్నా విసుగు రాదు.

ఇక గుట్ట రాయి సంగతి. అది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. భూమి లోపల గట్టిపడిన రాయి అది. పైనున్న బరువు కాలక్రమంలో కొట్టుకుపోయేసరికి ఒత్తిడి తగ్గి, ఉపరితలం వెంబడే పగుళ్లు పడ్డాయి. అందుకే ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఊడుతుంది, అందుకే గుట్టకు ఆ నున్నటి గుండ్రదనం.

వెళ్లేవారికి ఒక్క మాట. పొద్దున్నే వెళ్లండి, పొద్దెక్కితే బండ కాలుతుంది. మెట్లు వందల్లో ఉన్నాయి, నీళ్లు పట్టుకెళ్లండి. దారిలో ఆగి, పక్కనున్న బండ అంచును చూడండి. వంపు తిరిగిన ఆ పగుళ్లు కనిపిస్తాయి. దిగాక, గుట్ట కిందనే ఉర్దూ కవయిత్రి మహ్ లకా బాయి చందా సమాధి ఉంది. దానికీ కాస్త సమయం మిగుల్చుకోండి.